ఊరు ఎత్తిన స్తంభం

ఆగరా, ఆగు! ఆ మొద్దు మంటలో వెయ్యకు. పిడకల దండ వెయ్యి, కొబ్బరిమట్టలు వెయ్యి, ఆ విరిగిన మంచంకోడు వెయ్యి, ఏమీ అనను. ఆ మొద్దు మాత్రం వద్దు. దాని మీద పచ్చగా కనపడుతోందే, అది నాచు కాదమ్మా, మందు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి చెక్క లోపలికి ఎక్కించిన మందు. ఆర్సెనిక్ అంటే పాషాణమే. కాల్చితే పొగలోకీ బూడిదలోకీ వచ్చేస్తుంది. పొద్దున్నే భోగి బూడిద నుదుట పెట్టుకునే ఇల్లు మనది. అందుకని దాన్ని ఆ గోడకి చేరేసి, చేతులు కడుక్కొచ్చి కూర్చోండి. అదేంటో, ఎక్కడిదో చెప్తాను.

ముందు ఆ మందు సంగతి. దాన్ని కనిపెట్టింది మన తెలుగాయన. సొంటి కామేశం గారు. డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ ఉంది, అందులో పనిచేసేవారు. అంతకుముందు రైలు స్లీపర్లకీ తంతి స్తంభాలకీ క్రియోసోట్ అని, తారులోంచి తీసిన నూనె పట్టించేవారు. నల్లగా, జిడ్డుగా ఉండి ఎండకి కారేది. రాగి బూజుని చంపుతుందనీ, పాషాణం చెదని చంపుతుందనీ అప్పటికే తెలుసు. కానీ ఆ ఉప్పులు వానకి కడుక్కుపోయేవి. వాటికి క్రోమియం తోడైతే మూడూ కలిసి చెక్కలోనే గట్టిగా పట్టుకుని ఉండిపోతాయని 1933లో కామేశం గారు తేల్చారు. ‘ఆస్కు’ అని పేరు పెట్టారు. 1938లో అమెరికాలో కూడా పేటెంట్ వచ్చింది. ఆ తర్వాత ప్రపంచంలో ఎన్ని దేశాల్లో ఎన్ని కరెంటు స్తంభాలు ఆ మందు తాగి నిలబడ్డాయో! ఆ మహానుభావుడి పేరు నేను బళ్ళో ఒక్క పాఠంలోనూ చదవలేదు. కనీసం ఈ ఇంట్లోనైనా మీకు తెలిసుండాలి.

ఇప్పుడు ఆ మొద్దు ఏ స్తంభంలోదో చెప్తాను. మన ఊరికి కరెంటొచ్చిన కొత్తలో వీధుల్లో చెక్క స్తంభాలే పాతారు. గుగ్గిలం కర్ర. ఉత్తరాదిన సాల్ అంటారు. దాని చేవ ఇనుములా ఉంటుంది, చెద అంత తొందరగా ముట్టదు. పై పొర మాత్రం మెత్తన. మందు ఎక్కేది ఆ పై పొరలోకే. పెద్ద ఇనుప గొట్టంలో దుంగల్ని పెట్టి, ముందు లోపలి గాలంతా లాగేసి, అప్పుడు మందునీళ్ళు ఒత్తిడితో ఎక్కిస్తారు. తర్వాత సిమెంటు స్తంభాల కాలం వచ్చింది. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చింది చూడండి, భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటింది, లంకలన్నీ మునిగిపోయాయి, ఆ వరద తీశాక మన వైపు పాత చెక్క స్తంభాలన్నీ పీకేసి సిమెంటువి వేశారు. పీకినవాటిని కుప్ప పోసి వేలం వేశారు. ఆ కుప్పలోంచి తెచ్చుకున్నదే మన స్తంభం.

నాకెందుకు అది? అక్కడికే వస్తున్నాను.

నేను తంతి ఆఫీసులో పనిచేశాను కదా. అమలాపురం ఆఫీసులో రోజంతా సౌండరు ముందు కూర్చునేవాణ్ణి. ఇత్తడి మీట ‘టక్కు టక్కు’మని కొట్టుకుంటుంటే ఆ చప్పుడులోంచే అక్షరాలు వినపడేవి. చావు కబుర్లు, పెళ్ళి కబుర్లు, ఉద్యోగం వచ్చిందన్న కబుర్లు, అన్నీ ఈ చేతి మీదుగానే వెళ్ళాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. తంతి తీగలు తెగిపోయాయి. అటు నుంచి ఒక్క టక్కు కూడా లేదు. మీట ముందు కూర్చున్నాను, చెయ్యి ఉంది, విద్య ఉంది, తీగ లేదు. ఆ రాత్రే అనుకున్నాను, తీగ లేకుండా కబురు పంపే విద్య నేర్చుకోవాలని.

ఆ విద్యే హామ్ రేడియో. జీతానికి కాదు, లాభానికి కాదు. ఎవరి సెట్టు వాళ్ళు కట్టుకుని, సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడుకోవచ్చు. మన దేశంలో లైసెన్సు పేరు ‘వీయూ’తో మొదలవుతుంది. ప్రధానమంత్రిగా చేసిన రాజీవ్ గాంధీ గారు కూడా హామే, ఆయన పేరు వీయూ2ఆర్‌జీ. అప్పట్లో రెండో గ్రేడుకి నిమిషానికి 5 మాటల మోర్స్ రావాలి, మొదటి గ్రేడుకి 12. నాకు మోర్స్ వచ్చు కదా అనుకుంటారేమో. తంతి మోర్స్ టక్కుల మధ్య ఖాళీని బట్టి వినాలి. రేడియో మోర్స్ ఈలలా కూస్తుంది. చెవిని మళ్ళీ మొదట్నుంచీ సాధన చేయించాను. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ 1983లో పెట్టారు. అక్కణ్ణుంచి పుస్తకాలు తెప్పించుకుని, పరీక్ష రాసి, పోలీసు విచారణ అయ్యాక లైసెన్సు అందుకున్నాను. 807 అని పెద్ద వాల్వు ఉండేది, దాంతో ట్రాన్స్‌మిటరు కట్టాను. యుద్ధం నాటి పాత రిసీవరు ఒకటి కొన్నాను.

సెట్టు ఉంటే సరిపోదు. ఏరియల్ ఎత్తులో ఉండాలి. మొదట్లో అందరిలాగే రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ కట్టాను. కోనసీమలో కొబ్బరిచెట్టుకి కరువేముంది! కానీ కొబ్బరిచెట్టు నిలకడగా ఉండదమ్మా. గాలికి ఒకటి ఇటు ఊగితే ఇంకోటి అటు ఊగుతుంది, మధ్యలో తీగ పుటుక్కుమంటుంది. వానాకాలంలో తడి మట్టలు తీగ మీద పడితే సెట్టు వేడెక్కిపోయేది. తెగినప్పుడల్లా దింపు తీసే అతన్ని బతిమాలి చెట్టెక్కించాలి. ఇలా కాదు, ఊగని ఎత్తు ఒకటి కావాలి అనుకున్నాను. ఇనుప గొట్టం వేద్దామంటే అంత డబ్బు లేదు, పైగా ఈ ఉప్పుగాలికి తుప్పు. చెక్కకి ఆ గొడవ లేదు.

వేలానికి నాతో కూడా వచ్చింది కరెంటు లైన్‌మన్. సొంత తమ్ముడిలా ఉండేవాడు. స్తంభం ఎలా ఎంచాలో అతనే నేర్పాడు. ‘పైన చూడకండన్నయ్యా, మట్టి మట్టం దగ్గర చూడండి’ అన్నాడు. ఎందుకంటే చెక్క కుళ్ళాలంటే తడీ కావాలి, గాలీ కావాలి. పైన గాలి ఉంటుంది, తడి ఆరిపోతుంది. లోతున తడి ఉంటుంది, గాలి ఆడదు. నేల మట్టానికి జానెడు కిందా పైనా మాత్రం రెండూ ఉంటాయి. పుచ్చు పట్టేది అక్కడే. సుత్తితో కింద నుంచి పైకి కొట్టుకుంటూ వెళ్ళాడు. ‘ఠంగ్’ అంటే గట్టిది, ‘డబ్’మంటే లోపల బోలు. మట్టి మరక ఉన్న చోట గునపం మొన గుచ్చి చూశాడు. అలా చాలా తిప్పించి ఒకదాన్ని ఎంచాం. 36 అడుగులు. ఎడ్లబండి మీద ఎక్కిస్తే సగం వెనక వేలాడింది. దాని చివర ఎర్రగుడ్డ కట్టి, పిల్లలు వెంట పరిగెడుతుంటే ఊళ్ళోకి తెచ్చాం.

ఎక్కడ పాతాలన్న దగ్గర లైన్‌మన్ ఒక్క మెట్టు కూడా దిగలేదు. ‘స్తంభం పడితే ఎంత దూరం పడుతుందో కొలవండి, దానికి ఇంకో సగం కలపండి, అంత దూరంలో కరెంటు తీగ ఉండకూడదు’ అన్నాడు. నిలబడి ఉన్న కరెంటు స్తంభానికి ఏరియల్ కడదామన్న ఆలోచన కలలో కూడా రానివ్వద్దని పిల్లలందరినీ కూచోబెట్టి చెప్పాడు. మీకూ అదే చెప్తున్నాను. అది నేరమన్న సంగతి తర్వాత, ముందు ప్రాణం. అందుకే వీధివైపు వదిలేసి పెరట్లో, నూతికి అవతల చోటు చూశాం.

స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలి. అంటే 6 అడుగుల గొయ్యి. మనది లంకమట్టి, మూడడుగులకే నీరూరుతుంది. నీళ్ళు తోడుతూ తవ్వాం. అడుగున ఇటుకముక్కలు పరిచాం, నీరు నిలవకుండా. గోతికి ఒక పక్క వాలుగా కాలువ తీశాం, స్తంభం మొదలు జారి దిగడానికి. ఎదురుగా గోతి గోడకి ఒక పలక నిలబెట్టాం, మొదలు దానికి తన్ని ఆగడానికి. మట్టిలోకి వెళ్ళే భాగానికీ ఆ పైన రెండడుగుల దాకా తారు కాచి పూశాం. పైకొనకి రేకు టోపీ కొట్టాం. చెక్క నెత్తిన వాన నిలిస్తే పగుళ్ళలోంచి లోపలికి దిగుతుంది కదా.

ఎత్తడం ఇంకో రోజు పెట్టుకున్నాం. ఆ రోజు ఊరంతా వచ్చింది. నేను పిలిచింది కొందరినే, వచ్చింది అందరూ. పడవలు లాగేవాళ్ళు మోకులు తెచ్చారు. దింపు తీసేవాళ్ళు పొడుగాటి వాసాలు తెచ్చి రెండేసి కత్తెరలా కట్టారు. స్తంభం తల కాస్త లేచాక కత్తెర కింద దోపాలి, మళ్ళీ లేచాక ఇంకా పెద్ద కత్తెర దోపాలి, అలా అలా. మూడు వైపులా మోకులు, ఒక్కో మోకుకి పదిమంది. ఒకవైపు లాగుతుంటే మిగతా రెండు వైపులా బిగబట్టి మెల్లిగా వదలాలి. ‘హైలెస్సా’ అని పెద్ద పడవాయన అందుకుంటే ‘హైలో’ అని అందరూ లాగేవాళ్ళు. అందులో కులం లేదు, పార్టీ లేదు. మొదలు గోతిలోకి ‘ధన్’మని దిగినప్పుడు కాళ్ళ కింద నేల అదిరింది. మీ నాయనమ్మ పానకం చేసి గంగాళాలతో పెట్టింది. మట్టి ఒకేసారి నింపెయ్యకూడదు, అరడుగు పోసి దిమ్మిస కొట్టాలి, మళ్ళీ అరడుగు పోసి కొట్టాలి. ఆ దిమ్మిస చీకటి పడేదాకా మోగింది. కమ్మరాయన కొట్టి ఇచ్చిన ఇనుప పట్టీకి కొనన కప్పీ బిగించాం. దింపు తీసే కుర్రాడు కాళ్ళకి బంధం వేసుకుని స్తంభం మీదకి ఎగబాకి, నైలాను తాడు కప్పీలోంచి తీసి కిందికి వదిలాడు.

ఆ తాడూ కప్పీ ఉంది చూశారా, అదే అసలు కిటుకు. తీగని జెండాలా ఎక్కించుకోవచ్చు, దించుకోవచ్చు. మరమ్మతుకి మనిషి ఎక్కక్కర్లేదు.

తీగ పొడవుకి లెక్కుంది. 143ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే మీటర్లలో వస్తుంది. మేం మాట్లాడుకునేది 7 మెగాహెర్ట్జ్ దాటాక కొంచెం పైన, అంటే 20 మీటర్ల పైచిలుకు రాగి తీగ. సరిగ్గా మధ్యలో తెంపి, అక్కడ కేబులు అతికి, ఆ మధ్యభాగాన్ని స్తంభం కొనకి ఎత్తాం. రెండు చేతులూ రెండు పక్కలా వాలుగా దిగి వచ్చాయి. చివర్లు పిల్లలకి అందకుండా మూడు మీటర్ల ఎత్తులో సరుగుడు గుంజలకి పింగాణీ గుడ్లు వేసి కట్టాం. మాట్లాడేటప్పుడు తీగ చివర్లలో ఓల్టేజి చాలా ఎక్కువగా ఉంటుంది, ముట్టుకుంటే ఒళ్ళు కాలుతుంది. పిడుగు కోసం స్తంభం పొడుగునా మందపాటి రాగి తీగ దింపి, ఉప్పూ బొగ్గూ వేసిన గోతిలో కలిపాం. ఉరుము వినపడగానే కేబులు ఊడదీసి బయట పడేసేవాణ్ణి. ఎంత భూమి తీగ ఉన్నా ఆ అలవాటు మానలేదు.

నేల మీద కనపడేది 30 అడుగులు, అంటే 9 మీటర్లు. ఆ ఎత్తుకో గుణం ఉంది. 7 మెగాహెర్ట్జ్ తరంగం 40 మీటర్ల పొడవుంటుంది, దానికి 9 మీటర్లంటే పొట్టి ఎత్తే. అప్పుడు తరంగం దాదాపు నెత్తి మీదకే లేచి, పైన అయనోవరణానికి తగిలి, గొడుగు పట్టినట్టు చుట్టూ నాలుగైదు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. పగలు విశాఖ, హైదరాబాద్, చెన్నై చక్కగా అందేవి. అదే 14 మెగాహెర్ట్జ్‌కి ఇంకో చిన్న తీగ కడితే, దానికి 9 మీటర్లు ఇంచుమించు సగం అల ఎత్తు. ఆ తరంగం వాలుగా పోయి సముద్రాలు దాటుతుంది. ఒకటే స్తంభం, ఒక తీగ మన రాష్ట్రానికి, ఇంకో తీగ ప్రపంచానికి. మొదటి సాయంత్రం మోర్స్ మీట మీద చెయ్యి వేసి ‘డా డిట్ డా డిట్, డా డా డిట్ డా’ అని పిలిచాను. ఎవరైనా ఉన్నారా అని దాని అర్థం. పెరట్లో స్తంభం ఎత్తినవాళ్ళందరూ కిటికీ దగ్గర నిలబడ్డారు. జపాన్ నుంచి జవాబొచ్చింది. ఆయన కార్డు పోస్టులో వచ్చినప్పుడు నేను తీసుకెళ్ళి రామాలయం అరుగు మీద అందరికీ చూపించాను. అది నా ఒక్కడి కార్డు కాదు కదా.

1996 నవంబరు 6 మీ నాన్నకి బాగా గుర్తు. కాకినాడకి దక్షిణంగా తీరం దాటింది ఆ తుఫాను, కోనసీమని చీల్చేసింది. మధ్యాహ్నమే గాలి తిరుగుతోందని తెలిసి, కప్పీ తాడు వదిలి తీగ దించేశాను. గాలి వేగం రెట్టింపైతే దాని తాకిడి నాలుగింతలవుతుంది. తీగా కేబులూ లేని వట్టి స్తంభానికి గాలి పట్టు తక్కువ. ఆ రాత్రి కొబ్బరిచెట్లు విరుగుతుంటే టపాకాయలు పేలినట్టే వినపడింది. తెల్లారి చూస్తే తోటలు తోటలే లేవు. వీధిలో సిమెంటు స్తంభాలు తీగల బరువుతో ఒకదాన్నొకటి లాక్కుని పడ్డాయి. మనది ఒక పక్కకి ఒరిగింది, అంతే. చెక్క గొప్ప, సిమెంటు తక్కువ అని కాదమ్మా, దాని నెత్తిన ఆ క్షణంలో బరువు లేదు. అరడుగు అరడుగుకీ దిమ్మిస కొట్టిన చేతులు దాన్ని నిలబెట్టాయి.

ఎవరింటి కప్పు వాళ్ళకి లేదు, అయినా నలుగురొచ్చి మోకు వేసి స్తంభాన్ని నిలువు చేశారు. తీగ ఎక్కించాం. అప్పటికి నా దగ్గర ట్రాన్సిస్టరు సెట్టుంది, 12 ఓల్టులకే పనిచేస్తుంది. లారీ బ్యాటరీ ఒకటి మోసుకొచ్చారు. పిలిస్తే విశాఖలో ఒకాయన పలికాడు. నన్ను ఆపి, చుట్టుపక్కల హామ్‌లందరినీ నిశ్శబ్దంగా ఉండమని చెప్పి, ‘ఇప్పుడు చెప్పండి, రాసుకుంటున్నాను’ అన్నాడు. తంతి ఆఫీసులో రాసినట్టే పొడి మాటల్లో ఇచ్చాను. ఏ ఊళ్ళో మందులు కావాలి, ఎక్కడ తాగునీరు లేదు, ఎవరు క్షేమం. దుబాయ్‌లో, బొంబాయిలో ఉన్న కొడుకులకి ‘అమ్మ క్షేమం’ అన్న రెండు మాటలు చేర్చమని ఎంతమంది వరస కట్టారో! బ్యాటరీ దిగిపోతే ఇంకోటి తెచ్చేవారు. దివిసీమ అప్పుడు ఊరికే ఉండిపోయిన చెయ్యికి ఆ వారం పని దొరికింది.

అలాంటి పనే ఇంకా పెద్దగా చేసినావిడ గురించి చెప్పాలి. హైదరాబాద్ సంస్థ నుంచి భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో అండమాన్ వెళ్ళారు. అక్కణ్ణుంచి హామ్‌ల గొంతు వినపడక ఏళ్ళయింది, ప్రపంచమంతా ఆమె పిలుపు కోసం కాచుకుని ఉంది. డిసెంబరు 26న సునామీ వచ్చింది. ఆవిడ ఆ సంబరమంతా వెంటనే పక్కన పెట్టి, పోర్ట్‌బ్లెయిర్‌లో అదే సెట్టుతో కబుర్లు అందించడం మొదలుపెట్టారు. ఆమె బృందం కార్ నికోబార్‌లో కూడా రేడియో పెట్టింది. ఈ విద్య ఎందుకని ఎవరైనా అడిగితే ఆమె పేరు చెప్పండి. ఆ మరుసటి సంవత్సరం 2005 మే 5న మన శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ మీద ‘హామ్‌శాట్’ ఎగిరింది. హామ్‌ల కోసమే కట్టిన ఉపగ్రహం, 42 కిలోల బరువు. దానికి స్తంభం అక్కర్లేదు, చేత్తో పట్టుకునే ఏరియల్ చాలు. 2014 దాకా పనిచేసింది. పెరట్లో నిలబడి దాని ద్వారా మాట్లాడాను నేను.

ఇప్పుడు మీ జేబుల్లో ఫోన్లున్నాయి. మంచిదే. కానీ ఫోను టవరుకి కరెంటు కావాలి, కరెంటు పోతే బ్యాటరీ కావాలి, బ్యాటరీ దిగితే డీజిలు మోసుకెళ్ళే దారి కావాలి. పెద్ద తుఫానులో ఆ మూడూ ఒకేసారి పోతాయి. ఒక తీగ, ఒక బ్యాటరీ, రెండు చెవులు ఉన్న మనిషి అప్పుడు ఊరికి కావాలి. ఈ సముద్రం పక్కన ఉన్నంతకాలం కావాలి.

నిరుడు స్తంభం దించేశాం. మట్టి మట్టం దగ్గర గునపం లోపలికి దిగిపోయింది, లైన్‌మన్ చెప్పిన చోటే. మరో గాలికి ఎవరి మీదైనా పడకముందే మనమే దించడం ధర్మం. పై భాగం ఇంకా ఠంగుమంటోంది, కొట్టి చూడండి. 20 అడుగులకి తక్కువ లేదు.

లైసెన్సుకి పన్నెండేళ్ళు నిండితే చాలు. నీకు నిండాయి, అక్కకి ఎప్పుడో నిండాయి. మోర్స్ నేను నేర్పుతాను, చెవి ఇంకా బాగానే ఉంది. తీగ కొలత చెప్పేశాను, గోతి కొలత చెప్పేశాను. సెట్టు మీ నాన్న కొంటాడు, కాదనడు. కానీ స్తంభం ఎత్తడానికి మాత్రం యంత్రం పిలవకండి. పొద్దున్నే లేచి ఇంటింటికీ వెళ్ళి, వరసలు పెట్టి పిలిచి, ‘మా తాతయ్య పంపాడు, రండి’ అని మీ నోటితో చెప్పండి. మీరు ఎవరి కబురు మోస్తారో వాళ్ళ చెయ్యి ఆ మోకు మీద ముందే పడి ఉండాలి. సంక్రాంతికి ఊళ్ళోకి అందరూ వచ్చారు, ఇంతకన్నా మంచి అదను ఉండదు. ముందు ఆ గునపం ఎక్కడుందో వెతకండి.